పూడిక

2081 నాటికి లంబసింగి పిల్లలకు నడకా, మంచు మీద జారడమూ ఒకే ఏడాది వచ్చేవి. ఊరి చివర గాజుకప్పు కింద ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే మైదానం ఒకటి ఉండేది. పదహారు మంది చేతులు పట్టుకుని ఒకే మనిషిలా జారే సమూహ స్కేటింగు పోటీలంటే చాలు, మన్యం మొత్తం పనులు మానుకుని వచ్చి కూర్చునేది.

ఆ పోటీలకి మార్కులు వేయడం ఒకప్పుడు పెద్ద తలనొప్పి. కదిలేవాళ్ళు పదహారు మంది, న్యాయనిర్ణేతకి ఉన్నవి రెండు కళ్ళు. తొమ్మిది మందిని కూర్చోబెట్టినా ఒకరు ముందు వరుసని చూసేవారు, ఒకరు మూలనున్న అమ్మాయిని చూసేవారు, మిగతాది ఊహించి వేసేవారు. అన్నిటికన్నా ఎక్కువ మార్కునీ తక్కువ మార్కునీ తీసేసి, మిగిలినవాటి సగటు చెప్పి చేతులు దులుపుకునేవారు. ఆ తర్వాత జట్ల మధ్య కొట్లాటే కొట్లాట.

డాక్టర్ మైత్రేయి సహస్రాక్షిని కనిపెట్టాక ఆ గొడవ తీరింది. కప్పులో వెయ్యి కెమెరాలు, మంచు అడుగున ఒత్తిడిని కొలిచే సెన్సర్లు. బ్లేడు వాలులో గానీ, చేతి ఎత్తులో గానీ, మెడ తిప్పడంలో గానీ ఒకరికీ మరొకరికీ సెకనులో వెయ్యోవంతు తేడా వచ్చినా అది పట్టేస్తుంది. ఆ తేడాలన్నిటినీ కలిపి 'లయభేదం' అనే ఒక అంకెగా మార్చి జట్టు మార్కుల్లోంచి తీసేస్తుంది. ఒక్కరు తడబడితే పదహారు మందికీ కోతే. ఇరవై రెండేళ్ళుగా దాని తీర్పు మీద ఎవరూ నోరెత్తలేదు.

దానితోపాటే జట్లకు ఒక కొత్త సాధన వచ్చిపడింది. దాన్ని పూడిక అనేవారు. ఎవరైనా పడితే పక్కవాళ్ళు అటువైపు చూడకుండా, మూడు సెకన్లలో ఆ ఖాళీ మూసేసి, అవతలి అమ్మాయి చెయ్యి అందుకోవాలి. కోచ్‌లు రోజుకు గంటసేపు ఇదే చేయించేవారు. పడినవాళ్ళు తమంతట తామే లేచి వచ్చి వరుసలో దూరేవారు.

నూకాలు లేవలేదు.

ఆ ఏడాది ఫైనల్లో, రెండు వరుసలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయే చోట ఆమె బోర్లా పడింది. ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నది పైడితల్లి. చిన్నప్పటినుంచీ ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. పైడితల్లి ఆ చెయ్యి వదిలేసి అవతలి అమ్మాయి చెయ్యి అందుకుంది. రెండు సెకన్లే పట్టింది. ఆడేవాళ్ళలో ఒకరు ఆగితే తప్ప సంగీతం ఆగదు. సంగీతం ఆగితే తప్ప డాక్టర్లు మంచు మీదకు రారు. పదిహేను మంది ఇంకో రెండు నిమిషాలు చక్కగా జారారు. ముక్కులోంచి కారిన రక్తం గొంతుకు అడ్డం పడిందనీ, ఎవరైనా తల పక్కకు తిప్పి ఉంటే బతికేదనీ డాక్టర్లు తర్వాత చెప్పారు. జట్టుకు రెండో స్థానం వచ్చింది.

నూకాలు పోయిన పన్నెండో రోజు మధ్యాహ్నం పైడితల్లి మైత్రేయి ప్రయోగశాలకు వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఈ పన్నెండు రోజుల్లో సగమైపోయింది.

“నాకొక అంకె కావాలి మేడమ్,” అంది నిలబడే. “ఆ రోజు నాను ఆగిపోయుంటే మాకెన్ని మార్కులు పోయీవి?”

“అదిప్పుడెందుకమ్మా? ముందు కూర్చో.”

“నూకాలు వాళ్ళమ్మ అడిగింది, నా పిల్లనెందుకు లేపలేదే అని. ఆగితే అందరి కష్టం నీళ్ళపాలైపోద్ది పిన్నీ అన్నాను. ఎంత పోద్దే అంది. ఏటి సెప్పాలో తెలీలేదు. కోచ్‌నడిగితే అంతా పోద్దన్నారు. అంతా అంటే ఎంత మేడమ్?”

మైత్రేయి కిటికీ వైపు చూసింది. “ముప్పైకి పైనే పోయేవి. పోటీలోంచే తప్పుకోవాల్సి వచ్చేది,” అంది. జాలితో అన్నదో, భయంతో అన్నదో ఆమెకే తెలియదు.

పైడితల్లి పెద్ద ఊపిరి వదిలి కళ్ళు తుడుచుకుంది. “అయితే ఆ మాట వెయ్యికళ్ళమ్మ సేత సెప్పించండి. ఫోన్లో పట్టుకెళ్ళి పిన్నికి వినిపిస్తాను. మీరైతే నాకోసం సెప్పారనుకుంటాది.”

అమ్మాయిలంతా ఆ యంత్రాన్ని అలాగే పిలిచేవారు. ఆ పేరుకి పలకడం అది ఎప్పుడో నేర్చుకుంది. మైత్రేయి వద్దనేలోగానే గోడ మీద పచ్చదీపం వెలిగింది.

“సున్నా,” అంది సహస్రాక్షి. “పడినవారిని లేపడానికి ఎవరు ఆగినా మార్కు తగ్గించకూడదు. సంగీతం ఆపి, లేచాక అక్కడినుంచే మళ్ళీ మొదలుపెట్టించాలి. నాలో రాసిన మొట్టమొదటి నియమం ఇది.”

పైడితల్లి ఆ దీపం దగ్గరికి నడిచింది.

“ఎన్నిసార్లు ఆపావు?” అని అడిగింది యంత్రాన్ని.

“ఒక్కసారీ ఆపలేదు. ఇరవై రెండేళ్ళలో నాలుగు వందల పదహారు మంది పడ్డారు. లేపడానికి ఎవరూ ఆగలేదు.”

పైడితల్లి మైత్రేయి వైపు తిరిగింది. “ఈ రూలు మాకెందుకు సెప్పలేదు మేడమ్?”

మైత్రేయికి ఇంకో అబద్ధం నోట రాలేదు. “రూల్స్ పుస్తకంలో పెడదామనే అనుకున్నాను. కానీ తెలిస్తే ఆయాసం వచ్చినప్పుడల్లా ఒకరు కావాలని పడతారు, ఇంకొకరు లేపుతారు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆటని పాడు చేస్తారనిపించింది. మనసున్నవాళ్ళు ఎలాగూ ఆగుతారు కదా, రూలెందుకులే అనుకున్నాను.”

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని నోరు జారాక గాని తెలియలేదు. పిల్ల ముఖం చూడలేక ఆమె తల దించుకుంది.

పైడితల్లి ఏడవలేదు. ఫోన్ సంచీలో పెట్టుకుంది. “పిన్నికి సున్నా అనే సెప్తాను,” అంది.

తలుపు దాకా వెళ్ళి ఆగింది.

“మీరనుకున్నది నిజమే మేడమ్. తెలిసుంటే దొంగ పడ్డాలు పడీవోళ్ళమే. ఎవరి దాకానో ఎందుకు, అందరికన్నా ముందు నానే పడీదాన్ని. అది నవ్వుకుంటా నన్ను లేపీది. మర్నాడు అది పడీది, నాను లేపీదాన్ని. రోజూ అదే పని. ఆ రోజు అది నిజంగా పడినప్పుడు, అలవాటుకొద్దీ అయినా నా చెయ్యి దాని కాడికి ఎల్లి ఉండీది.”