మొదట తవ్వినవాడికి రక్షణ

మొయినుద్దీన్‌ను చంపడానికి వాళ్లు తుపాకీ వాడలేదు. అతను నిద్రపోతున్న గదిలో ఒక డ్రమ్ము పెట్టి, మూత తీసి, బయట గొళ్లెం వేశారు. తెల్లారి శవాన్ని చూసినవాళ్లు స్టవ్వు పొగకు ఊపిరాడక పోయాడనుకున్నారు. అల్ సువైక్ బజారులో చాయ్ హోటల్ నడుపుకునే ఆ హైదరాబాదీ, ఢిల్లీలోని ఒక డిపార్ట్‌మెంట్‌కు రహస్య సమాచారం పంపే మనిషని ఒమన్ మొత్తం మీద తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు అతన్ని చంపించాడు. రెండోవాడు మస్కట్‌లో ఒక హోటల్ గదిలో చక్కెర లేని చాయ్ తాగుతూ, ఏజెంట్ జితేందర్‌కు బ్రీఫింగ్ ఇస్తున్నాడు.

అది 1994 వేసవి. ఆ రెండోవాడు చీఫ్ జయరాముడు.

"హెర్‌మన్ పేరు విన్నావా?"

"క్లియర్‌శాండ్ కంపెనీ డైరెక్టర్."

"బయటికి కంపెనీ. లోపల ముఠా. యూరప్ ఫ్యాక్టరీలు వదిలించుకోలేని విషాన్ని ఓడలకెత్తి, అడిగేవాడు లేని ఇసుకలో పాతిపెట్టడం వాళ్ల వ్యాపారం. సువైక్ వెనక ఎండిపోయిన ఖర్జూరం తోట ఒకటి కొని, దాన్నిండా డ్రమ్ములు పాతారు."

"ఇక్కడి పోలీసులకు చెబితే సరి."

"మనం చెప్పేలోపు వాళ్లే చెప్పేశారు. ఇక్కడ కొత్తగా ఒక రాయితీ వచ్చింది. పాడైన నేలను ఎవరైనా తనంతట తాను ముందుకొచ్చి శుభ్రం చేస్తే, దాని గురించి అతని మీద ఎవరూ, ఏ కోర్టులోనూ కేసు వేయలేరు. లయబిలిటీ ప్రొటెక్షన్. ఒక్కటే షరతు. ఆ నేలను పాడు చేసింది అతనే కాకూడదు."

జితేందర్‌కు నవ్వొచ్చింది. నవ్వాక నోరు చేదెక్కింది. "దొంగతనం చేసినవాడే, దొరికిందని సొమ్ము తెచ్చి అప్పగిస్తున్నాడన్నమాట."

"అప్పగించి ఊరుకోడు. రక్షణ పత్రం చేతికి రాగానే డ్రమ్ములు తవ్వి ఓడకెక్కిస్తాడు. కాగితాల మీద ఫర్నెస్ ఆయిల్. దిగేది కాకినాడలో. ప్రభుత్వం మెచ్చిన కంపెనీ సరుకంటే ఏ రేవులోనూ మూత తీసి చూడరు. బుధవారం పొద్దున అధికారి తోటకొచ్చి సంతకం పెడతాడు. ఆ సంతకం పడకూడదు."

"లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"సింధూజ. హెర్‌మన్ లీగల్ సెక్రటరీ. ఆ పత్రం డ్రాఫ్ట్ చేసింది ఆవిడే."

"నమ్మొచ్చా?"

"మన దగ్గరా తీసుకుంటుంది, వాళ్ల దగ్గరా తీసుకుంటుంది. సగం నమ్ము."

చీఫ్ బల్ల మీద సామాను పరిచాడు. కెమెరా దాగిన సిగరెట్ లైటర్. గాలిలో విషముంటే ముల్లు వణికే చేతి గడియారం. రబ్బరు గ్లౌజులు, మడిస్తే జేబులో పట్టే గ్యాస్ మాస్కు. "ఒక్కటే సెట్టు పంపారు. పోగొట్టుకోకు," అన్నాడు. డిపార్ట్‌మెంట్ దేనికైనా ఒక్కటే సెట్టు పంపుతుంది.

జితేందర్ డీజిల్ మెకానిక్ వేషంలో క్లియర్‌శాండ్ లేబర్ క్యాంపులో దిగాడు. చేతులకు గ్రీజు, భుజాన మాసిన సంచి. పుట్టింది ఆర్మూర్ దగ్గర కాబట్టి యాసకు మాత్రం మేకప్ అక్కర్లేకపోయింది. రూములో పక్క మంచం నర్సయ్యది. మెట్‌పల్లి వైపు మనిషి, నలభై దాటినవాడు. మొదటి రోజే "తమ్మీ, తిన్నవా" అని అడిగి, తన కంచంలోంచి సగం అన్నం జితేందర్ కంచంలోకి తోశాడు.

సాయంత్రం స్నానానికి వెళ్తే జితేందర్ చేతి గడియారంలో ముల్లు వణికింది. నీళ్లు పట్టుకున్నది ఒక నీలం డ్రమ్ములో. పైన కోసి, అంచులు సుత్తితో కొట్టి నున్నగా చేశారు. గల్ఫ్‌లో ఏ క్యాంపుకెళ్లినా ఖాళీ డ్రమ్ము కనబడితే మనవాళ్లు వదలరు. నీళ్లకో బియ్యానికో పనికొస్తుందని మోసుకొస్తారు. నర్సయ్య మోచేతుల దాకా చర్మం పొలుసులు లేచి ఉంది.

"గీ డ్రమ్ము యాడిది, నర్సన్నా?"

"తోటల పాతినయి గదా, గండ్ల ఒకటి కారిపోయి ఖాళీగుంటే తెచ్చుకున్నం. మంచిగ కడిగినం తీ."

"తోటల పాతింది ఎవలు?"

"మేమే. నేను, లింబాద్రి, ఇంకో నలుగురం. హెర్‌మన్ సారు నిలబడి పాతిచ్చిండు. రంగునీళ్లు అన్నడు." నర్సయ్య గోక్కుంటూ చెప్పాడు. "ఏమైతదో ఏమో తమ్మీ. మా ఇంటిది శాంతవ్వ బీడీలు జేస్కుంట నా కోసం చూస్తున్నది. పాస్‌పోర్ట్ ఇయ్యి, ఊరికి పోయొస్తనంటే ఇయ్యడు. లాకర్ల వెట్టి తాళమేసుకున్నడు."

మరునాడు సువైక్ బజారులో, అత్తరు దుకాణంలో సింధూజ కనిపించింది. నల్ల అబాయా కింద ఎర్ర హైహీల్స్. దుకాణదారు తల తిరిగిపోతున్నట్టు చూస్తున్నాడు.

"ఈ అత్తరు కడప గులాబీలదాండి?" అంది జితేందర్ వైపు చూడకుండా.

"కాదు. నిజామాబాద్ పసుపుది."

కోడ్ సరిపోయింది. ఆమె సీసా మూత తీసి వాసన చూస్తూ గొంతు తగ్గించింది. "పాతిందెవరని అధికారి అడుగుతాడు. హెర్‌మన్ జవాబు సిద్ధం చేసుకున్నాడు. ఎవరో దొంగ సరుకు దింపితే, కూలీలు డబ్బుకు ఆశపడి చాటుగా పాతారంటాడు. మేం ఎరగం, తెలియగానే శుభ్రం చేయడానికొచ్చామంటాడు. సంతకం పడిన గంటలో నర్సయ్య వాళ్లు జైల్లో ఉంటారండి."

"ఆపే దారి?"

"ఉంది. రక్షణ దరఖాస్తు పెట్టినవాడిది కాదు. ఎవరు ముందు తవ్వడం మొదలుపెడితే వాళ్లది. రాయితీ రూల్లోనే అలా రాశారు. హెర్‌మన్ ఇంకా పార పట్టలేదు."

జితేందర్ ఆమె ముఖంలోకి చూశాడు. అందమైన ముఖం. అందులో ఏ సగాన్ని నమ్మాలో రాసి లేదు.

క్యాంపుకు వచ్చి నర్సయ్యను పక్కకు పిలిచాడు. తానెవరో చెప్పాడు. జరగబోయేది చెప్పాడు. నర్సయ్య మోచెయ్యి గోక్కుంటూ విన్నాడు.

"మేమే తవ్వితే జైలు తప్పుతదంటవు."

"తప్పుతది. ఏ కేసూ ఉండదు. హెర్‌మన్ పోతే లాకర్ తెరుస్తరు. ఊరికి పోతవు."

"గా డ్రమ్ములల్ల ఏమున్నదో ఎరుకేనా నీకు?"

ఎరుకే. మొయినుద్దీన్ ఎలా పోయాడో జితేందర్‌కు తెలుసు. గడియారం ముల్లు ఎందుకు వణికిందో తెలుసు. అయినా, "పైన పైన ఒక్కటి తీస్తే చాలు. నీకేం గాదు, నర్సన్నా. నాది పూచీ," అన్నాడు. అబద్ధాలు చెప్పడం అతని వృత్తి. ఈ ఒక్కటి మాత్రం చెప్పాలనిపించలేదు. అయినా చెప్పాడు, ఎందుకంటే ఒక పక్క కాకినాడ ఊరంతా ఉంది, ఇంకో పక్క నర్సయ్య ఒక్కడే.

బుధవారం పొద్దున, అధికారి కారు రాకముందే ఆరుగురూ తోటలో గుంత తవ్వడం మొదలుపెట్టారు. లింబాద్రి కొబ్బరికాయ కొట్టాడు. భూమిని ముట్టుకునేముందు కొట్టాలి, పాతేటప్పుడు కూడా కొట్టారట. నర్సయ్య తడి తువ్వాల మూతికి కట్టుకుని అందరికంటే ముందు దిగాడు. జితేందర్ గట్టు మీద మాస్కు పెట్టుకుని, గ్లౌజులు తొడుక్కుని, లైటర్‌తో ఫొటోలు తీశాడు. సాక్ష్యం కావాలి, సాక్ష్యం తీసుకుపోయేవాడు బతకాలి. డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్‌లో అదే నేర్పుతారు. ఆ ట్రైనింగ్ ఇచ్చినవాడెవడూ ఏ గుంతలోనూ దిగి ఉండడు.

మొదటి డ్రమ్ము తేలింది. అడుగు తుప్పు పట్టి ఉంది. నర్సయ్య తాడు చుట్టి, తలెత్తి, "గుంజుండ్రి," అన్నాడు.

అప్పుడు లోడర్ శబ్దం వినిపించింది.

సూపర్‌వైజర్ ఎహసాన్ లోడర్ నడుపుకుంటూ నేరుగా గుంత వైపే వస్తున్నాడు. బకెట్ నిండా ఇసుక. అతను ఈ వేళప్పుడు ఇక్కడికి రావాల్సిన పని లేదు, ఎవరో చెబితే తప్ప. ఎవరు చెప్పారో జితేందర్‌కు ఆ క్షణమే తెలిసిపోయింది. గుంతలో మనుషులుండగానే పూడ్చేస్తే, గుంత కూలి చచ్చిన దొంగలని రాసుకోవచ్చు.

జితేందర్ పరుగెత్తి లోడర్ మెట్టు పట్టుకుని పైకి ఎగబాకాడు. ఎహసాన్ స్పానర్ తీసి అతని భుజం మీద కొట్టాడు. రెండో దెబ్బ పడేలోపు జితేందర్ తాళంచెవి తిప్పి లాగేశాడు. ఇంజిన్ ఆగింది. ముందు చక్రం గట్టు అంచు మీద నిలిచింది. కానీ అంచు విరిగి, మట్టిపెళ్లలు డ్రమ్ము మీద పడ్డాయి. తుప్పు పట్టిన అడుగు ఊడి, పచ్చటి ద్రవం నర్సయ్య ఛాతీ మీద ఒలికింది. తువ్వాల తడిసింది. అతను అరవలేదు. ఊపిరి కోసం నోరు తెరిచాడు, అదే తప్పయింది.

లింబాద్రి వాళ్లు అతన్ని పైకి లాగి, నీళ్లు పోసి తుడుస్తుండగానే రెండు కార్లు వచ్చి ఆగాయి. ఒకదాంట్లోంచి హెర్‌మన్, సింధూజ దిగారు. రెండోదాంట్లోంచి దిగిన అధికారి పేరు సాలిం. సొహార్ వైపు మనిషి, హిందీ బాగా వచ్చు. హెర్‌మన్ అప్పటికే పెన్ను తీసి అతని చేతికిస్తున్నాడు.

"ఎవరు వీళ్లు?" అన్నాడు సాలిం.

నర్సయ్య మోకాళ్ల మీద లేచి, జితేందర్ నేర్పిన హిందీ మాటలు ఒక్కొక్కటే దగ్గుతూ చెప్పాడు. "ఈ నేల మేం శుభ్రం చేస్తున్నాం సాబ్. మా అంతట మేమే. మొదట తవ్వింది మేమే."

హెర్‌మన్ నవ్వాడు. "వీళ్లే ఆ దొంగలు. కాకపోతే ఎక్కడ తవ్వాలో వీళ్లకెలా తెలుసు? డ్రమ్ములు పాతింది వీళ్లే."

"పాతింది వీళ్లేనా?"

"ముమ్మాటికీ."

సాలిం పెన్ను మూత పెట్టలేదు, సంతకమూ పెట్టలేదు. నర్సయ్య వైపు తిరిగి, "నీ పాస్‌పోర్ట్ చూపించు," అన్నాడు.

"నా దగ్గర లేదు సాబ్. వచ్చిన దినమే తీసుకున్నరు."

"ఎవరు?"

నర్సయ్య వేలెత్తి హెర్‌మన్ వైపు చూపించాడు. మిగతా అయిదుగురూ అటే చూపించారు.

"నా లాకర్‌లో భద్రంగా ఉన్నాయి," అన్నాడు హెర్‌మన్ అలవాటుగా. గల్ఫ్‌లో ఏ కంపెనీవాడినడిగినా అదే అంటాడు, గొప్పగా అంటాడు. అనేశాక అతని ముఖం పాలిపోయింది.

సాలిం తల ఊపాడు. "నీ వీసా మీద వచ్చారు. నీ క్యాంపులో ఉన్నారు. నీ అనుమతి లేకుండా సువైక్ దాటి పోలేరు. అలాంటివాళ్లు నీ తోటలో, నీ లోడర్‌తో ఇన్ని డ్రమ్ములు పాతుతుంటే నీకు తెలియదా?" పెన్నుకు మూత పెట్టి హెర్‌మన్ జేబులో దోపాడు. "పాడు చేసింది నువ్వు. నీకు రక్షణ లేదు. తవ్వింది వీళ్లు. రక్షణ వీళ్లది."

సాయంత్రానికి హెర్‌మన్, ఎహసాన్ కటకటాల వెనక ఉన్నారు. లంగరెత్తబోతున్న ఓడను రేవులోనే ఆపేశారు. ఫోన్‌లో చీఫ్ గొంతు హుషారుగా వినిపించింది. "శభాష్. ఢిల్లీ చాలా సంతోషంగా ఉంది. క్లీన్ ఆపరేషన్."

జితేందర్ ఫోన్ పెట్టేసి, నర్సయ్యను చేర్చిన రుస్తాఖ్ ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. సింధూజ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఎహసాన్‌కు చెప్పింది నువ్వే."

"ఇద్దరికీ చెప్పానండి. ఎవరు గెలుస్తారో నాకేం తెలుసు?" ఆమె గొంతులో సిగ్గు లేదు, అలసట ఉంది. "డాక్టర్ ఏమన్నాడు?"

"ఊపిరితిత్తులు కాలిపోయాయట. బతుకుతాడు. పని మాత్రం చేయలేడు." జితేందర్ పిడికిలి బిగించాడు. "ఈ నష్టం ఎవరితోనైనా కట్టిస్తాను. ఎవరి మీదైనా కేసు వేయిస్తాను."

"ఎవరి మీద? కంపెనీ ఖాతాల్లో డబ్బంతా నిన్ననే యూరప్ చేరిపోయింది. ఇక మిగిలింది శుభ్రం చేయించినవాళ్లు. పేరు మార్చి సాలిం వీళ్లకిచ్చింది నేను రాసిన పత్రమే కదండి. శుభ్రం చేసినవాడికే కాదు, అతనికి సలహా ఇచ్చినవాళ్లకు, సాయపడినవాళ్లకు, దగ్గరుండి చేయించినవాళ్లకు, ఆ పనిలో జరిగే ఏ నష్టానికీ బాధ్యత లేదని రాశాను. హెర్‌మన్‌కు అప్పిచ్చినవాళ్ల మీద కేసు పడకూడదని రాసిన వాక్యం అది. ఇప్పుడు మీకు పనికొచ్చింది. మీరు పూర్తిగా సేఫ్."

ఆమెను కొట్టాలనిపించింది. కొట్టడానికి తనకున్న అర్హత ఏమిటో తోచలేదు. వార్డులోకి వెళ్లి, నర్సయ్య మంచం పక్కన నిలబడ్డాడు. ముక్కులో ఆక్సిజన్ పైపు, ఛాతీ నిండా కట్లు. నిన్నటిదాకా తమ్మీ అన్న మనిషి, ఇవాళ కళ్లు తెరిచి, "సారూ," అన్నాడు. జితేందర్‌కు అది స్పానర్ దెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"జైలు తప్పింది, నర్సన్నా. పాస్‌పోర్ట్ దొరికింది."

"మంచిగైంది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "డాక్టర్ అన్నడు, ఇగ పార పట్టద్దని. గీ నష్టం ఎవలిస్తరు, సారూ? ఎవల మీద కేసెయ్యాలె?"

జితేందర్ జీవితంలో ఎన్నో ఇంటరాగేషన్లు తట్టుకున్నాడు. ఈ ప్రశ్న తట్టుకోలేకపోయాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"ఎవల మీదా ఎయ్యరాదు."

"నీ మీద?"

"నా మీద కూడ ఎయ్యరాదు."

నర్సయ్య దాన్ని మనసులో తిప్పి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా పక్కకు జరిగి, మంచం అంచు మీద చేత్తో తట్టాడు.

"గట్లయితే భయమెందుకు, సారూ? కూసో. గప్పటి సంది నిలబడే ఉన్నవు."