తూనీగ నొక్కిన బాణం

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తాతయ్య మంచం కిందికి వంగి, పాత దుప్పటిలో చుట్టి దాచుకున్న చెక్కని బయటికి లాగాడు. దాన్ని ఎత్తుకుని వెనకగదికి నడిచాడు. తూనీగ ముందు పరుగెత్తి తలుపు తీసింది.

తూనీగ అసలు పేరు స్కూల్లో టీచరుకి తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఒక్కచోట కుదురుగా ఉండదని తాతయ్య పెట్టిన పేరు అదే నిలిచిపోయింది.

వెనకగది బల్ల మీద మామయ్య సొంతంగా బిగించుకున్న యంత్రం ఉంది. మూడు మోటార్లు, కొన్ని పట్టాలు, మధ్యలో వేలాడే బిట్టు, అంటే చెక్కని తొలిచే సన్నటి ఇనుప మొన. కంప్యూటర్లో బొమ్మ ఇస్తే చాలు, ఆ బిట్టు తిరుగుతూ చెక్క మీద అదే బొమ్మ చెక్కుతుంది. దాన్ని నడిపే ప్రోగ్రాం మామయ్య కొన్నది కాదు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, కావలసినవాళ్ళు వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఏదైనా అర్థం కాకపోతే వాళ్ళనే అడగొచ్చు.

తాతయ్య వడ్రంగి. చేతులు బాగున్న రోజుల్లో ఒక తీగ బొమ్మ గీసుకున్నాడు. ఆకుకీ ఆకుకీ మధ్య ఒక మొగ్గ. తీరిక దొరికినప్పుడు చెక్కుదామని ఈ నల్లటి, నిగనిగలాడే చెక్కని దాచాడు. తీరిక దొరికేసరికి చేతులకి వణుకు వచ్చింది. కొడుకు, అంటే మామయ్య, ఉలి పట్టకుండా ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్ళాడు. ఆ ముల్లు తండ్రీకొడుకుల మధ్య ఎప్పుడూ గుచ్చుకుంటూనే ఉండేది. నీ తీగ నేను చెక్కిస్తాను నాన్నా అని మామయ్య ఎన్నాళ్ళుగానో బతిమాలితే, తాతయ్య ఇవాళ్టికి దిగివచ్చాడు.

"దీనికి కళ్ళెక్కడున్నాయిరా?" అన్నాడు యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి.

"కళ్ళు తూనీగవి, చేతులు నావి" అన్నాడు మామయ్య.

తాతయ్య నవ్వు దాచుకోవడానికి మీసం సవరించుకుని, టీ పెట్టమని అమ్మకి చెప్పే మిషతో వంటింట్లోకి వెళ్ళాడు.

తూనీగకి అక్కడ నిజంగానే ఒక పని ఉంది. చెక్కడం మొదలుపెట్టేముందు చెక్క పైభాగం ఎక్కడుందో యంత్రానికి చూపించాలి. అందుకు తూనీగ బిట్టు కింద ఒక కాగితం ముక్క పెట్టి అటూ ఇటూ లాగుతుంటుంది. మామయ్య తెర మీద కిందికి చూపే బాణం నొక్కుతూ బిట్టుని మెల్లగా దించుతాడు. కాగితం మొరాయించగానే తూనీగ "పట్టింది" అంటుంది.

బాణం పక్కన గడిలో ఒక అంకె ఉంటుంది. అక్కడ పది ఉంటే ఒక్క నొక్కుకి బిట్టు పది మిల్లీమీటర్లు దూకుతుంది. పాయింట్ ఒకటి ఉంటే వెంట్రుకంత జరుగుతుంది. దూరం పోవడానికి పది, చెక్క దగ్గరికొచ్చాక పాయింట్ ఒకటి. అందుకే అంకె పైకి చదవకుండా బాణం ముట్టుకోకూడదని మామయ్య నియమం పెట్టాడు. అంత పెద్దవాడూ తను కూడా ఒకటో తరగతి పిల్లాడిలా పైకి చదివి మరీ నొక్కేవాడు. తూనీగకి అది చూస్తే నవ్వొచ్చేది.

బిట్టుని చెక్క మధ్యకి తెచ్చేసరికి మామయ్యకి ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. ముట్టుకోకు, ఇప్పుడే వస్తానని బయటికి వెళ్ళాడు.

బిట్టు కొన చెక్కకి కాస్త పైనే ఉంది. మామయ్య వచ్చేలోపు తనే దించేసి "పట్టింది" అంటే ఎంత మురిసిపోతాడో! తూనీగ ఒక చేత్తో కాగితం పట్టుకుని, రెండో చేత్తో బాణం నొక్కింది. అంకె చదవలేదు.

గడిలో పది ఉంది.

బిట్టు కాగితాన్ని పొడుచుకుని చెక్కలో దిగబడింది. పైకి లేపుదామని గబుక్కున ఇంకో బాణం నొక్కింది. అది పక్కకి చూపే బాణం. యంత్రం మూలిగింది. బిట్టు చెక్కని గీరుకుంటూ పోయి పుటుక్కున విరిగింది. నల్లటి చెక్క నడుమ పెచ్చు లేచి, పొడుగ్గా చీలిక పడింది.

నొక్కినవన్నీ తెర అడుగున వరసగా కనబడతాయని, మూసేస్తే చెరిగిపోతాయని తూనీగకి తెలుసు. ప్రోగ్రాం మూసేసింది.

చప్పుడు విని మామయ్య పరుగెత్తుకొచ్చాడు.

"దానంతట అదే కదిలింది" అంది తూనీగ.

మామయ్య చెక్క వైపు చూడనైనా లేదు. తూనీగ చేతులు లాక్కుని, వేళ్ళన్నీ ఒక్కొక్కటిగా తడిమి చూశాడు.

చెక్కని చూసింది తాతయ్య. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఉలి పట్టడం చేతకానివాడివి, నీ మాట నమ్మి ఇచ్చాను చూడు" అని కొడుకుతో అని, వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత తండ్రీకొడుకులు కలిసి అన్నానికి కూర్చోలేదు. ఒకరి కబురు ఒకరికి అమ్మ మోస్తూ ఉండేది. నేనేమైనా పోస్టాఫీసునా అని విసుక్కుంటూనే మోసేది.

మామయ్య ప్రోగ్రాం రాసినవాళ్ళని అడిగాడు. ఎవరూ ముట్టుకోకుండా యంత్రం ఎందుకు కదిలిందని. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఓపిగ్గా జవాబులు రాశారు. వైర్లు చూడమన్నారు, చూశాడు. ఎర్తింగ్ చూడమన్నారు, అదీ చూశాడు. ఒకాయనైతే తను రాసిన భాగంలోనే తప్పు ఉండి ఉంటుందని, సెలవు రోజున కూడా కూర్చుని మొదటినుంచి వెతుకుతున్నానని రాశాడు. మామయ్య అది చదివి వినిపిస్తుంటే తూనీగ లెక్కల పుస్తకంలో తల దూర్చింది. చెప్పేద్దామని అనుకుంటూనే రోజులు గడిపేసింది.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి వెనకగదిలో బల్ల ఖాళీగా ఉంది. మోటార్లు ఎవరో కాలేజీ పిల్లలకి ఇచ్చేశాడట. పట్టాలు పాత ఇనుములోకి వెళ్ళిపోయాయట. మామయ్య నేల మీద కూర్చుని పనిముట్లు సర్దుకుంటున్నాడు.

"ఎందుకిచ్చేశావ్?" అంది తూనీగ.

"తప్పెక్కడుందో దొరకలేదే. దానంతట అది కదిలే యంత్రం ఇంట్లో పెట్టుకుని, నువ్వు దాని కింద వేళ్ళు పెడుతుంటే నేను డ్యూటీకి ఎలా వెళ్ళను?"

అప్పుడు చెప్పేసింది తూనీగ. "అది కదల్లేదు మామయ్యా. నేనే నొక్కాను. పది మీద ఉంది. చదవలేదు."

మామయ్య కోప్పడితే బాగుండేది. స్క్రూడ్రైవర్ డబ్బాలో పెట్టి మూత వేశాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ వేశాడు.

"ఇవాళ పొద్దున చెప్పినా బాగుండేదే" అన్నాడు.

తూనీగ వరండాలోకి వెళ్ళింది. చీలిన చెక్కని తాతయ్య ముక్కలుగా కోసేశాడు. ఊగే బల్లలకీ కుర్చీలకీ కాళ్ళ కింద దూర్చడానికి పనికొస్తాయని గుట్టగా పెట్టాడు. తూనీగ ఆయన పక్కన కూర్చుని అంతా చెప్పింది.

"వాణ్ణి అనరాని మాట అన్నాను కదే" అన్నాడు తాతయ్య. లేచి వెనకగది గుమ్మం దాకా వెళ్ళాడు. లోపలికి చూస్తూ కాసేపు నిలబడ్డాడు. వెనక్కి వచ్చి రంపం అందుకున్నాడు.

సాయంత్రం తూనీగ మామయ్య కంప్యూటర్ తెరిచింది. కంప్యూటర్ పెట్టిన బల్ల ఎప్పుడూ ఊగేది, ఇప్పుడు ఊగడం లేదు. దాని కాలి కింద నల్లటి చెక్కముక్క ఒకటి దూర్చి ఉంది.

"వాళ్ళకి కూడా చెప్పాలి" అంది.

"యంత్రమే లేదుగా. వదిలెయ్."

"ఆయన ఇంకా వెతుకుతున్నాడు మామయ్యా."

మామయ్య కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. తూనీగ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. అయ్యాక పంపే బటన్ మీదికి వేలు తీసుకెళ్ళి, ఆపింది. రాసింది పైకి చదవడం మొదలుపెట్టింది.

"మీ ప్రోగ్రాంలో తప్పు లేదు. యంత్రంలోనూ తప్పు లేదు. అంకె చూడకుండా నేను నొక్కాను. తర్వాత అబద్ధం చెప్పాను. దయచేసి వెతకడం ఆపండి."

వరండాలో రంపం చప్పుడు ఆగింది. తూనీగ చివర ఉన్న తన అసలు పేరు కూడా పైకి చదివింది.

తర్వాత నొక్కింది.