ఆఖరి బండికి వెలిగే కంప్యూటర్

పొద్దుగూకాక రేపల్లెలో ఆ కాటా గది వైపు ఎవరూ పోరు.

రైలు కట్ట పక్కనే రైసుమిల్లు. గేటు దాటగానే లారీలు తూచే కాటా. కాటాని ఆనుకుని ఒక చిన్న గది. గది వెనక గోడ దాటితే పట్టాలే. లోపల ఒక టేబులు, ఒక ప్రింటరు, ఒక పాత కంప్యూటర్.

చెడ్డపేరంతా ఆ కంప్యూటర్ వల్లే.

తెనాలి నుంచి ఆఖరి బండి వచ్చేదాకా అది వెలగదు. స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, ఎర్ర లైటు మిణుకుమంటుంది, స్క్రీను మాత్రం నల్లగానే ఉంటుంది. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే. ఆఖరి బండి కట్ట మీద గడగడలాడుతూ పోతుంది... అప్పుడు నొక్కితే — వెలుగుతుంది.

రోజూ అలాగే అయితే అలవాటు పడిపోదుము. ఒక్కోరోజు మొదటిసారికే వెలిగి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. అది మరీ భయం.

ఆ బండిలో నాగశివ దిగుతాడని అంటారు.

నాగశివ ఆ గదిలో పనిచేసిన మనిషి. పగలు తెనాలిలో జెరాక్స్ షాపు, రాత్రి ఇక్కడ కాటా. ఆఖరి బండికి వచ్చేవాడు, తెల్లారి మొదటి బండికి పోయేవాడు. "నిద్ర ఎప్పుడు పోతావురా?" అంటే, "బండిలో బాబాయ్" అని నవ్వేవాడు. తెనాలికీ రేపల్లెకీ మధ్య ఎంత నిద్ర పడుతుంది? పోయిన ఏడాది ఒక రాత్రి ఆ టేబులు మీదే తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడులే అని లారీవాళ్ళు కాసేపు ఊరుకున్నారు. తర్వాత లేపితే లేవలేదు.

నేను ఆ మిల్లుకి రాత్రి కాపలా. అప్పారావంటారు. దెయ్యాలను నమ్మను. వయసులో రాత్రి బడికి పోవడానికి శ్మశానం పక్క దోవ దగ్గరని అటే పోయేవాణ్ణి. అక్షరాలు వచ్చాయి గానీ దెయ్యం ఒక్కటీ ఎదురు రాలేదు. ఇప్పుడు చెప్పేదాంట్లో నేను లేనప్పుడు గది లోపల జరిగింది సంధ్యారాణి చెప్పగా విన్నది. మిగతాది నేను చూసింది.

సంధ్యారాణి నాగశివ భార్య. అతను పోయాక మిల్లు యజమాని బసవేశ్వరరావు గారు ఆ కుర్చీ ఆమెకే ఇచ్చారు. పగలు ఊళ్ళోకి లారీలను రానివ్వరు కాబట్టి తూకాలన్నీ రాత్రే. కంప్యూటర్ కొట్టిన చీటీ లేకపోతే గోడౌను వాళ్ళు బియ్యం దించుకోరు. అది వెలగలేదంటే ఎక్కడి లారీ అక్కడే.

దానికి మావాళ్ళు చేయని వైద్యం లేదు. దసరాకి ఆయుధపూజలో పెట్టిన బొట్లు చాలవన్నట్టు ప్రతి శుక్రవారం పసుపూ కుంకుమా అద్దారు. నిమ్మకాయ కట్టారు. హారతి ఇచ్చారు. హమాలీలు అటు చూడకుండా మూటలు మోసేవాళ్ళు. లారీ డ్రైవరు అజయ్ బాబు ఒక్కడే కిటికీలోంచి తల పెట్టి అడిగేవాడు.

"అక్కా, బావగారు ఇంకా దిగలేదా?"

"దిగితే నీ లారీయే ముందు తూస్తారులే" అనేది సంధ్యారాణి.

అజయ్ బాబు తల గబుక్కున వెనక్కి పోయేది.

ఒకనాడు టీ గ్లాసు చేతిలో పెట్టుకుని, తాగకుండా, నాతో అంది.

"బాబాయ్, నాకు భయమేం లేదు. బతికున్నన్నాళ్ళూ ఆయనకి కంటినిండా నిద్ర లేదు. పోయాక కూడా రోజూ బండెక్కి డ్యూటీకి వస్తున్నారంటే... వినలేకపోతున్నాను. ఇప్పుడైనా ఆయన్ని పడుకోనివ్వరా వీళ్ళు?"

"యంత్రానికి రోగం ఉంటుందమ్మాయ్. దెయ్యం ఉండదు."

"అయితే ఆ రోగమేంటో ఎవరైనా తేల్చండి బాబాయ్. అది చాలు నాకు."

బసవేశ్వరరావు గారితో పోట్లాడి తెనాలి నుంచి రాజీవ్‌ని పిలిపించాను. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు. మధ్యాహ్నం ఎండలో వచ్చాడు. స్విచ్చి నొక్కాడు. టక్కున వెలిగింది. ఆపి మళ్ళీ వేశాడు. వెలిగింది.

"బానే ఉందిగా తాతా?"

"నిన్ను చూసి నటిస్తోంది. కూర్చో."

"నాకు బాపట్లలో ఇంకో పని ఉంది తాతా!"

"బాపట్ల ఎక్కడికీ పోదు. కూర్చో."

పొద్దుగూకేదాకా కదలనివ్వలేదు. సముద్రం గాలి తిరిగి గది చల్లబడింది. అప్పుడు నొక్కమన్నాను. ఫ్యాను తిరిగింది. ఎర్ర లైటు మిణుకుమంది. స్క్రీను... నల్లగా.

రాజీవ్ ముఖంలో నవ్వు పోయింది. తీగలు మార్చాడు. తన సంచిలోంచి వేరే కరెంటు డబ్బా తీసి తగిలించాడు. ఊహూఁ. చివరికి పెట్టె మూత విప్పి, సెల్‌ఫోను లైటు వేసి చూసి, నోరు తెరిచాడు.

"ఎవరండీ దీనికి పూజలు చేసింది? లోపల కుంకుమ భరిణె ఒలికినట్టుంది!"

గాలి కన్నాల్లోంచి రాలిన పసుపూ కుంకుమా ఉప్పుగాలి తేమకి ముద్దకట్టి ఉన్నాయి. అదంతా ఊది, గాడిలోంచి చిన్న పచ్చ పలక ఒకటి పైకి లాగాడు. అది మెమరీ అట. అది సరిగ్గా ఆనకపోతే స్క్రీను వెలగదట. రబ్బరు ముక్కతో దాని అంచు రుద్దాడు. రాత్రి బడిలో పలకలు దాటి కాగితాల దాకా వచ్చాక మాకిచ్చింది అచ్చం అలాంటి రబ్బరే. పలక తిరిగి పెట్టాడు. వెలిగింది. ఆపి వేస్తే వెలగలేదు. ఇంకో పలక పెట్టాడు. అదీ అంతే.

"తప్పు పలకది కాదు తాతా. అది కూర్చునే గాడి చీలింది. వేడి మీద ఉంటే పట్టుకుంటోంది, చల్లబడితే వదిలేస్తోంది."

అంతలో సాయంత్రం బండి వచ్చింది. టేబులు మీద టీ గ్లాసు గిలగిలలాడింది. రాజీవ్ చూపు గ్లాసు మీద నిలిచిపోయింది. బండి పోయాక, ఏదో తట్టినట్టు, స్విచ్చి నొక్కాడు.

వెలిగింది.

"ఇదీ మీ దెయ్యం!" అని పకపకా నవ్వాడు. "బండి అదురుకి పలక కదిలి గాడిలో సర్దుకుంటోంది. ఒక్కోరోజు ముందే సర్దుకుని ఉంటుంది. అంతే."

సంధ్యారాణి తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"అదురేనా తమ్ముడూ? ఖాయంగా?"

"అదురే అక్కా."

"అయితే... ఎవరూ రావట్లేదు."

"ఎవరొస్తారక్కా?"

ఆమె తన టీ గ్లాసు అందుకుంది. ఆ రోజు టీ వేడిగా ఉండగానే తాగింది.

లోపలి బోర్డే మార్చాలన్నాడు రాజీవ్. గుంటూరు నుంచి తెప్పించి రెండ్రోజుల్లో వస్తానన్నాడు. "అప్పటిదాకా వెలక్కపోతే టేబులు మీద ఓ గుద్దు గుద్దండి. చాలకపోతే బండి వచ్చేదాకా ఆగండి" అని చెప్పి పోయాడు.

మర్నాడు వాన.

అలాంటి ఇలాంటి వాన కాదు. కట్ట కింద మట్టి జారిందని ఆఖరి బండి ఆపేశారు. తెనాలిలోనే నిలిచిపోయిందని స్టేషను నుంచి కబురు. గేటు లోపల లారీలు వరసగా నిలబడ్డాయి. కంప్యూటర్ వెలగలేదు.

బసవేశ్వరరావు గారు గొడుగు వేసుకుని వచ్చారు. ఆయనా నిద్ర లేని మనిషే. కేకలు వేయలేదు. కేకలు వేసినా బాగుండేది.

"సంధ్యా, తెల్లారేలోగా ఈ సరుకు గోడౌనుకి చేరకపోతే వాళ్ళు ఇంకో మిల్లు చూసుకుంటారు. దెయ్యమని అందరూ అంటున్నా ఇన్నాళ్ళూ నీ మొహం చూసి ఊరుకున్నాను. ఇవాళ తూకం ఆగితే మాత్రం... రేపట్నుంచి ఆ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారమ్మా. ఏమీ అనుకోకు."

"అలాగేనండి."

ఆయన వరండాలోకి పోయారు. ఆమె టేబులు మీద గుద్దింది. నొక్కింది. నలుపు. మళ్ళీ గుద్దింది. చెయ్యి వాచిపోయింది. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. అజయ్ బాబు కూడా కిటికీ దగ్గరికి వచ్చి నల్ల స్క్రీను చూసి తిరిగి వెళ్ళిపోయాడు.

నాకు గునపం గుర్తొచ్చింది. బండి అదిరించేది ఆ వెనక గోడనేగా! గునపంతో గోడ మీద ఒక్కటి గట్టిగా వేస్తే? స్టోరుగదిలోంచి తీసుకుని, వానలో, మోకాళ్ళ నొప్పులతో, గది చుట్టూ తిరిగి పట్టాల వైపు బయల్దేరాను. అక్కడ లైటు లేదు. చీకటి... నీళ్ళ చప్పుడు... కాలు తీస్తే బురద, వేస్తే బురద.

లోపల సంధ్యారాణికి ఇదేమీ తెలియదు. ఇక ఓపిక లేక టేబులు మీద తల వాల్చింది. అతను వాల్చిన చోటే. కళ్ళు మూసుకుని, ఎవరికీ వినపడకుండా గొణిగిందట.

"ఏవండీ... మీరు రాకండి. ఇవాళ బండి లేదు. ఈ వానలో కట్ట మీద నడిచి రాకండి. కుర్చీ పోతే పోనీ, ఇంకో పని చూసుకుంటాను. మీరు పడుకోండి..."

వెనక గోడ మీద — ధన్!

ఒకే ఒక్క దెబ్బ. టేబులు అదిరింది. మంచినీళ్ళ గ్లాసు దొర్లి కింద పడింది. ఆమె ఉలిక్కిపడి లేచి స్విచ్చి నొక్కింది.

బీప్.

గదంతా నీలం వెలుగు.

తెల్లవార్లూ తూకం జరిగింది. ఆఖరి లారీ పోయేసరికి వాన వెలిసింది. బసవేశ్వరరావు గారు వరండాలో కుర్చీలోనే నిద్రపోయారు. సంధ్యారాణి సంచి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాబాయ్... గోడ మీద కొట్టింది మీరే కదూ? మీరు గునపం పట్టుకుని వెనక్కి పోవడం చూశానన్నాడు అజయ్ బాబు."

నేను గోడకి ఆనించిన గునపం వైపు చూశాను.

"మీరే కదూ?" అంది మళ్ళీ. "చెప్పండి బాబాయ్. ఆయన... కాదుగా?"

"నేను కాక ఇంకెవరే పిచ్చిదానా! అంత వానలో గునపం మోసుకుని పోయే మొండివాడు ఈ మిల్లులో ఇంకొకడున్నాడా?"

ఆమె భుజాలు దిగాయి. ఎన్నాళ్ళ బరువో దించినట్టు.

"హమ్మయ్య. అయితే పడుకున్నారు" అంది. ఇంటికి పోయి తనూ పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదని పక్కింటి సుబ్బరత్నమ్మ చెప్పింది.

రాజీవ్ వచ్చి కొత్త బోర్డు వేశాడు. ఇప్పుడు ఎప్పుడు నొక్కితే అప్పుడు వెలుగుతుంది. ఆఖరి బండి వస్తుంది, పోతుంది. ఎవరూ తల తిప్పి చూడరు. నాగశివ పేరెత్తితే, "అది బండి అదురురా" అని హమాలీలే ఒకరికొకరు చెప్పుకుంటారు. సంధ్యారాణి ఆ కుర్చీలోనే ఉంది. నిద్ర పడుతోందంటుంది. నాకదే చాలు. అందుకే ఈ మాట ఆమెకి చెప్పలేదు, చెప్పను.

ఆ రాత్రి బురదలో పడుతూ లేస్తూ గోడ దాకా వెళ్ళాను. రెండు చేతులా గునపం ఎత్తాను. వానా, దూరంగా హారన్లూ తప్ప ఇంకే చప్పుడూ లేదు. అంతలో గోడ పైన వెంటిలేటరులోంచి బీప్‌మని వినపడింది... నీలం వెలుగు నా చేతుల మీద పడింది.

నేను దెయ్యాలను నమ్మను. ఇప్పటికీ నమ్మను.

కానీ, ఎత్తిన గునపం ఎత్తినట్టే ఉంది. గోడకి తగల్లేదు.