ఊఁ

సాయంత్రం షిఫ్టు బస్సులు వెళ్ళిపోయాక ఉక్కునగరం క్వార్టర్లు చడీచప్పుడు లేకుండా అయిపోతాయి. ఆ వేళంటే ధనశ్రీకి గుబులు. మొగుడు వాసు ఇంట్లోనే ఉంటాడు, కానీ ఉన్నట్టుండదు. ప్లాంటులో క్రేను నడిపిన మనిషి, రెండేళ్ళుగా దిగులు జబ్బుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు. మందులు పనిచెయ్యలేదు. పలకరిస్తే పలకడు.

చివరికి సిటీలో డాక్టరుగారు ఆపరేషన్ చేసి, అతని ఎడమ రొమ్ములో చర్మం కింద అగ్గిపెట్టంత మిషను పెట్టారు. దాని తీగ మెడలో నరానికి చుట్టారు.

"కొన్ని నిమిషాలకోసారి నరంలోకి కరెంటు వెళ్తుందమ్మా. దిగులు మెల్లగా తగ్గొచ్చు. కరెంటు వెళ్ళేటప్పుడు గొంతు బొంగురుపోతుంది, భయపడకండి. కుట్లు మానాక తీసుకురండి," అన్నారు.

ఇంటికొచ్చిన మూడోనాడు, దీపాలు పెట్టే వేళ, వాసు గొంతు పెగిలింది. బొంగురుగా...

"పిల్లా..."

అతనెప్పుడూ అలా పిలవలేదు. అయితేనేం, పిలిచాడు.

మర్నాడు పక్కింటి చిట్టెమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏటే ధనా, మీ ఆయన మాటాడతన్నాడంట? మూలనున్న రేడియోకి బేటరీలేయించీసేవేటి!"

ధనశ్రీ చాన్నాళ్ళకి నవ్వింది.

రోజూ అదే వేళకి ఆ గొంతు వచ్చేది. సముద్రం గురించి చెప్పేది. నీళ్ళ అడుగున ఉండే చలి గురించి చెప్పేది. గదిలో నాచు వాసన నిండేది. వాసు కళ్ళు మూసుకునే ఉండేవి, పెదవులు సరిగ్గా కదిలేవి కావు. మధ్యలో ఆగి, "ఊఁ కొట్టవే," అనేది. ఆమె ఊఁ కొట్టేది.

చెప్పేదెవరో ఎరక్కుండా ఊఁ కొట్టకూడదని పెద్దలు ఊరికే అనలేదు. ఒంటరితనం ఎంత కోసినా మనిషి కట్టు తప్పకూడదు. ధనశ్రీ తప్పింది.

ఒక సాయంత్రం వానకి కరెంటు పోయింది. చీకట్లో చెయ్యి చాపి వాసు చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. వేళ్ళు మాత్రం ఆమె చేతిని నొక్కుతున్నాయి.

"పిల్లా... నన్నుండిపోమంటావా?"

గొంతు మంచం మీంచి రాలేదు. గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది.

ఆమె గుమ్మం వైపు తిరగలేదు. కాదంటే... మళ్ళీ ఆ గోడ, ఆ వీపు, పలకని ఇల్లు.

"ఊఁ," అంది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరుగారు కుట్లు చూశారు. "బాగా మానింది. ఇవాళ మిషను ఆన్ చేద్దాం."

"ఇయాలేటండీ? ఇన్నాళ్ళూ..."

"పుండు మానేదాకా ఆన్ చెయ్యమమ్మా. ఇన్నాళ్ళూ అది ఆఫ్‌లోనే ఉంది."

డాక్టరుగారు వాసు రొమ్ము మీద ఏదో పరికరం ఆనించారు. వాసు దగ్గాడు. కళ్ళు తెరిచాడు. గొంతు కాస్త జీరపోయింది గానీ... అతని గొంతే.

"ధనా... ఊఁ అనీసేవేటే? వద్దని నీ చెయ్యి నొక్కుతానే ఉన్నాను గదే!"

"ఎవరయ్యా ఆడు?" గుసగుసగా అడిగింది.

"నాకు తెల్దు. మనతో రాలేదు."

అతని కళ్ళలో నీళ్ళు. రెండేళ్ళకి మొగుడు మాట్లాడాడు. ఆమెకి సంతోషం కలగలేదు.

పొద్దుగూకే వేళకి ఇంటికి చేరారు. ఆమె తాళం తీసింది. తలుపు తోసింది.

కదల్లేదు.

లోపల గడియ వేసి ఉంది.