రెండో పేజీలో టిక్కు

“ఇవాళ్టి నుంచి నీ పేరు రాంబాబు. టైపింగ్ వచ్చా?” అన్నారు చీఫ్ వెంకటాద్రి.

“పిస్టల్ వచ్చు సార్,” అన్నాడు ఏజెంట్ గిరిధర్.

“బందరులో పిస్టల్‌తో పనిలేదు. పడవల రిజిస్ట్రేషన్ ఆఫీసులో నువ్వు కంప్యూటర్ ఆపరేటర్‌వి. ఒక విదేశీ ముఠా సముద్రం మీదుగా పేలుడు సామాను దింపబోతోంది. వాళ్ల పడవ నంబరు 417. దాని రికార్డులో రెండో పేజీ తెరిచి ‘నిఘా’ గడిలో టిక్కు పెట్టు. ఆ లిస్టు రోజూ మధ్యాహ్నం గస్తీ నౌకకు వెళ్తుంది. సైరన్ మోగాక నిమిషంలో ఇంజన్ ఆపకపోతే కాల్పులే.”

“అక్కడ మన మనిషెవరు?”

“సుష్మిత. గుడివాడ అమ్మాయి. ముఠాలో చేరి మనకు కబుర్లు అందిస్తోంది. బందరు లడ్డు గుడివాడలో దొరుకుతుందా అని అడుగు. ‘దొరికితే ఇక బందరుకి పరువేముంది’ అంటే ఆవిడే.”

అది 2002 మార్చి. చొక్కా గుండీలో కెమెరా, జేబులో ట్రాన్స్‌మిటర్ పెన్ను పెట్టుకుని గిరిధర్ డ్యూటీలో చేరాడు. నల్లకళ్లద్దాలతో సుష్మిత స్కూటీ దిగితే ఆఫీసంతా టైపింగ్ ఆపేసింది. కోడ్ సరిపోయింది. టిక్కు పడింది. ఇంత తేలిక పనికి నన్నెందుకు పంపారా అనుకున్నాడు మనవాడు. ఆ పొగరే కొంప ముంచింది.

వారం తిరిగేసరికి యలమంద వచ్చాడు. ముప్పై ఏళ్లు ఇంకొకరి పడవలో వల లాగి, ఇన్నాళ్లకు సొంత పడవ కట్టించుకున్న మనిషి.

“పన్నెండుకి వర్జ్యం వచ్చేస్తంది బాబూ. ఈలోపు నంబరు పడిపోవాల. లేపోతే మా ఆడోళ్లు పడవ కదలనియ్యరు.”

టైము పదకొండూ యాభై. ఫారంలో నలభై గడులు. పొడవు, వెడల్పు, ఇంజన్, కట్టిన మేస్త్రీ, అన్నీ 417కి ఉన్నవే. ఆఫీసులో అందరూ చేసే పనే గిరిధర్ కూడా చేశాడు. 417 రికార్డు తెరిచి, కాపీ నొక్కి, కొత్త ఫారంలోకి దింపాడు. యజమాని పేరు, నంబరు మార్చి 418గా సేవ్ చేశాడు. ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి.

యలమంద రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. రెండో పేజీ కూడా కాపీ అయిందన్న సంగతి గిరిధర్‌కి తట్టనే లేదు.

మూడో రోజు మధ్యాహ్నం లిస్టు వెళ్లిపోయాక ఆఫీసు కాపీ మీద అతని చూపు పడింది. 417. దాని కింద 418. కొంప కొల్లేరైంది.

టిక్కు తీయబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. పెట్టడానికి ఆపరేటర్ చాలు, తీయడానికి పైఅధికారి పాస్‌వర్డ్ కావాలి. ఆ మహానుభావుడు మొవ్వలో పెళ్లికి వెళ్లాడు. గస్తీవాళ్లకు ఫోన్ చేస్తే “రాంబాబు ఎవరండీ?” అని పెట్టేశారు. పెన్ను పలికేది చీఫ్ ఒక్కరికే. ఆయన విమానంలో ఉన్నారు. గిరిధర్ ఎవరిదో మోటార్‌సైకిల్ లాక్కుని, యలమంద పడవ ఉండే పాలకాయతిప్ప రేవు దారి పట్టాడు.

ఒడ్డున యలమంద భార్య రత్నకుమారి గంపతో ఎదురుచూస్తోంది. 417 అక్కడే ఇసుకలో కట్టేసి ఉంది.

“మాయన పొద్దున్నే ఎళ్లాడండి. సుష్మితమ్మ పంపిన ఇద్దరు పెద్దమనుషులు కూడా ఎక్కారు. పెద్ద ఓడ కాడ ఏవో పెట్టెలు తెచ్చుకోవాలంట.”

గిరిధర్‌కి అప్పుడర్థమైంది. సుష్మిత తింటున్నది ముఠా ఉప్పే. 417 మీద నిఘా ఉందని చెప్పి, ఏ మచ్చా లేని కొత్త పడవను కుదిర్చింది. దానికీ గిరిధర్ చేత్తో మచ్చ పడిందని ఆమెకు తెలియదు.

జేబులోంచి బైనాక్యులర్స్ తీసి చూస్తే 418 కనిపించింది. వెనకే గస్తీ నౌక. సైరన్ మోగింది. పడవ ఆగలేదు.

“ఇంజన్ మోతలో ఏం వినపడుద్దండి,” అంది రత్నకుమారి అమాయకంగా.

నౌక మీద తుపాకీ పడవ వైపు తిరిగింది. గిరిధర్ మోకాలి లోతు నీళ్లలోకి పరిగెత్తి గొంతు చించుకుని అరిచాడు. ఎవరికి వినపడుతుంది? పది మందిని మట్టి కరిపించిన మనిషి అక్కడ నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

యాభై ఐదో సెకనులో ఇంజన్ ఆగిపోయింది.

“తొలి వేట కదండీ,” అంది రత్నకుమారి చేతులు జోడిస్తూ. “కిష్ణమ్మ సముద్రంలో కలిసే సాగరసంగమం కాడ ఇంజనాపి, గంగమ్మకి మొదటి చేప వదలందే లోనకి రాడు.”

పడవ ముందు యలమంద చేపతో నిలబడ్డాడు. పెద్దమనుషులిద్దరూ పోనియ్యమని అతని మీద అరుస్తున్నారు. ఈలోగా గస్తీవాళ్లు పడవలోకి దూకారు. పెట్టెలు దొరికాయి. ఆ సాయంత్రమే సుష్మిత గుడివాడ రైల్వే స్టేషన్లో పట్టుబడింది. యలమందని మూడు రోజులు ప్రశ్నించి వదిలారు.

“దేశం బతికిందయ్యా,” అన్నారు చీఫ్.

“యలమంద బతకాలి కదా సార్. ఆ టిక్కు ఇంకా ఉంది. వేటకెళ్లిన ప్రతిసారీ వెంటపడుతున్నారు. ఏదో ఒకనాడు సైరన్ వినపడదు.”

“అర్జీ పెట్టుకోమను.”

యలమంద పెట్టుకున్నాడు. టిక్కు పెట్టించిన శాఖ నుంచి ఉత్తరం తెస్తే తీసేస్తామంది ఆఫీసు. అలాంటి శాఖ ఏదీ లేదని చీఫ్ స్వయంగా సంతకం చేసి పంపించారు.