పట్టు ఓడకు బదిలీ మనిషి

శుక్రవారం... మిట్టమధ్యాహ్నం!

దుబాయ్ పాతబస్తీ దేరా సందుల్లో ప్రాణి సంచారం లేదు. జనమంతా జుమ్మా నమాజుకు వెళ్ళిపోయారు. నిప్పులు చెరిగే వడగాలి ఇసుకను సుడులు తిప్పుతూ, మూసిన షట్టర్లను దబదబా బాదుతోంది. ఆకాశం మాడిన పెనంలా ఉంది. క్షుద్రోపాసకులకు అర్ధరాత్రి ఎంతటి ఘోరముహూర్తమో, ఈ మిట్టమధ్యాహ్నమూ అంతటిదే! ఉరుములంటారా... లేవు. గుడ్లగూబలంటారా... దుబాయ్‌లో వాటికి పనేముంది! కిటికీలో పాత ఏసీ ఒక్కటే ఊపిరాడని దున్నపోతులా రొప్పుతోంది.

ఆ కుట్టు దుకాణం వెనక గదిలో ఎర్రలుంగీ చుట్టుకుని, నుదుట అరచెయ్యంత కుంకుమ మెత్తుకుని, పద్మాసనం వేయబోయి, పొట్ట అడ్డం వచ్చి, మామూలుగా చతికిలబడ్డాడు రాజలింగం. మహామాంత్రికుడు! భూతప్రేతపిశాచగణాధీశ్వరుడు! ఈ బిరుదులన్నీ తనకు తానే తగిలించుకున్నవి. జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో మాత్రం అతణ్ణి కోళ్ళదొంగ అనేవారు. దొంగతనంలోనైనా పైకొచ్చాడా అంటే అదీ లేదు, రెండుసార్లూ దొరికిపోయాడు.

దుకాణం వీసాలకు హామీ ఉండే ఒక అరబ్బు కఫీల్‌ది, పెత్తనం రాజలింగానిది. ఊళ్ళనుంచి మనుషుల్ని రప్పించడం, విమానం దిగగానే వాళ్ళ పాస్‌పోర్టులు లాక్కుని తన ఇనప్పెట్టెలో వేసుకోవడం, ఒక చోట మనిషి పడిపోతే ఇంకొకణ్ణి బదిలీ పంపడం... ఇదీ అతని అసలు వ్యాపారం. సజ్జా ఫ్యాక్టరీలకూ, రువైస్ ఎడారికీ ఎందరెందరినో పంపాడు. తాను మాత్రం ఆ ఏసీ గది గుమ్మం దాటి ఎండలో పది అడుగులు వేసిన పాపాన పోలేదు.

అతని ముందు సాంబ్రాణి పొగల నడుమ కపాలం ఉంది. మనిషిదనుకునేరు! మాంసం మార్కెట్లో అడుక్కొచ్చిన మేక తలకాయ అది. దాని పక్కన, మగ్గం చట్రానికి బిగించి, గదికంతటికీ వన్నె తెస్తూ... ఒక నల్లని పట్టుతెర!

అది మాత్రం నిజంగా అద్భుతం. మొదటి ప్రపంచయుద్ధానికి ముందునాటి చైనా పట్టు. దానిమీద బంగారు దారంతో తెరచాపలెత్తిన మహానౌక, నాలుగు మూలలా జెండాలు, కింద ఎగసిపడే నీలికెరటాలు, నడుమ గుండ్రని చోటులో నావికుడి ఫోటో. ఆ కాలపు జర్మన్ నావికులు దేశాలు తిరిగి ఇంటికి మళ్ళేటప్పుడు రేవుల్లో ఇలాంటివి కుట్టించుకునేవారు. గుండ్రని చోటులో తమ ముఖం పెట్టించుకుని, ఆలికో తల్లికో తెచ్చి ఇచ్చేవారు. పోర్ట్ రషీద్‌లో ఆగిన జర్మన్ ఓడ సరంగు హైన్రిష్ తన తాత తెచ్చిన ఈ తెరను, చిరుగులు బాగుచేయమని ఇచ్చాడు. సాయంత్రం వచ్చి తీసుకుపోతానన్నాడు. తాత ఆ తర్వాత యుద్ధంలో, కాపలా వంతులో ఉండగానే ఓడతో సహా మునిగిపోయాడని కూడా చెప్పాడు పాపం.

ఆ ఒక్క ముక్క చాలు, రాజలింగం నోరూరడానికి! నీట మునిగినవాడి ప్రేతానికి సముద్రగర్భం కొట్టినపిండి. దాన్ని వశం చేసుకుంటే గల్ఫ్ అడుగునున్న ముత్యాలన్నీ తెచ్చి ఒళ్ళో పోస్తుందట! ఆ తాత మునిగింది ఇక్కడ కాదు, ఎక్కడో మంచుగాలులు వీచే ఉత్తరసముద్రంలో అనే సంగతి ఈ మహాపండితుడి బుర్రకు తట్టనేలేదు.

ప్రేతం దిగడానికి ఒక ఒళ్ళు కావాలి. అందుకే దుకాణంలో కుట్టుపనిచేసే జైబున్నీసాను అర్జెంటు పనంటూ పిలిపించాడు. ఆమె సిరిసిల్ల మనిషి, భర్త చాంద్ బాషా కూడా ఈ దుకాణంలోనే కుట్టుమగ్గం మీద పనిచేస్తాడు. ప్రస్తుతం అతను నమాజులో ఉన్నాడు.

"రాజలింగమన్నా, గీ పొగ ఏంది? నాకు కండ్లు తిరుగుతున్నయ్" అంది ఆమె, సూదిలో దారం ఎక్కించడం ఆపి. "మా ఆయన రానీ, అప్పుడు కుడత."

"నోర్మూసుకొని కూసో! నీ మొగని పాస్‌పోర్టు ఎవని పెట్టెల ఉన్నదో యాదికుంచుకో. నేను ఖలాస్ అంటే ఆని బతుకు ఖలాస్!"

ఆమె కూర్చుంది. రాజలింగం గోళ్ళతో గీకి గుండ్రని చోటులోంచి ఫోటోను ఊడబెరికాడు. మేక పుర్రె మీద పెట్టాడు. సాంబ్రాణి నిప్పుల మీద ఏవో వేళ్ళు వేసి, వచ్చినంతవరకు మంత్రం చదివి, రానిచోట హ్రాం హ్రీం అని నింపేశాడు. అయినా... ఆ ఘడియ చెడ్డది! ఆ ఫోటోలో కళ్ళు... కదిలాయి!

ఏసీ టక్కున ఆగిపోయింది. గదిలో ఎముకలు కొరికే చలి! జైబున్నీసా కళ్ళు తెల్లగా తేలిపోయాయి. ముడి వీడి జుట్టు ముఖమంతా పరుచుకుంది. ఆ నోటినుంచి, మగగొంతుతో, ఏదో తెలియని భాషలో ఒక గర్జన!

"అబే! తెలుగుల మాట్లాడు!" అని అరిచాడు రాజలింగం. పిలిచిన ప్రేతం భాషేమిటో తెలియని మాంత్రికుణ్ణి ఎక్కడైనా చూశారా!

నోరు ఆమెది కదా, మాట మెల్లగా ఆమె మాటలోకే ఒదిగింది. "నన్ను ఓడ మీదికెల్లి దించింది... ఎవడు?"

"నేను! రాజలింగాన్ని! ఇగ నువ్వు నా బానిసవు!"

"నా కాపలా అయిపోలె. నా జాగ ఖాళీగ ఉండొద్దు. ఆడ ఎవడు నిలబడతడు?"

రాజలింగం పకపకా నవ్వాడు. ఇంకెవడైనా అయితే ఇక్కడే భయపడి, ఫోటోను తిరిగి దాని చోట పెట్టి, దండం పెట్టి బయటపడేవాడు. కానీ పుట్టుబుద్ధి పోతుందా! ప్రేతం కూడా కఫీల్‌లాగే మనిషిని అడుగుతోందనుకున్నాడు వెధవ.

"గంతేనా? బదిలీ మనిషిని ఇస్త! నా దగ్గర మనుషులకు కరువా?"

ఇనప్పెట్టె తెరిచి, చాంద్ బాషా పాస్‌పోర్టు తీసి, అందులోని ఫోటోను పర్రున ఊడదీశాడు. మొగుడు పోతే ఈ ఆడదాని కోసం అడిగేవాడుండడు, ప్రేతానికి శాశ్వతంగా ఒళ్ళు దొరుకుతుంది. ఎంత తెలివి! ఆ ఫోటోను గుండ్రని చోటులో పెట్టి గర్జించాడు. "ఊఁ! కుట్టు!"

జైబున్నీసా చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఇప్పుడు ఆమెది కాదు! సూది పట్టులోకి దిగింది. ఒక కుట్టు...

సరిగ్గా అదే క్షణాన, మసీదులో నేలకు నుదురానించిన చాంద్ బాషా గొంతులోకి ఎక్కడినుంచో ఉప్పునీళ్ళు ఉబికాయి! ఇంకో కుట్టు... ఊపిరాడక అతను చాప మీద పక్కకు ఒరిగాడు. పక్కవాళ్ళు "యా అల్లా!" అంటూ పట్టుకున్నారు. ఇంకొక్క కుట్టు పడితే... ఆ ప్రాణం పట్టు ఓడ ఎక్కేస్తుంది!

సూది గాల్లో ఆగిపోయింది.

ఒకే ఒంట్లో రెండు ప్రాణాలు పెనుగులాడుతున్నాయి. మెడనరాలు తాళ్ళలా పొంగాయి. పెదవి కొరుక్కుంది, నెత్తురు కారింది. ఆ నెత్తుటి నోటితోనే, ఈసారి తన సొంత గొంతుతో, జైబున్నీసా అంది. "వద్దు... నా పెనిమిటి... నమాజుకు పోయిండు. ఇంటికి రావాలె."

తర్వాత అదే నోటినుంచి మగగొంతు, ఈసారి చాలా మెల్లగా. "నా పెండ్లాం గూడ గట్లనే ఎదురుచూసింది. రేవుల నిలవడి... చచ్చేదాక."

ఆ ముఖం రాజలింగం వైపు తిరిగింది. అమ్మో, ఆ చూపు!

"ఓడ మీద ఒక్కటే ధర్మం. కాపలావాణ్ణి దించినోడే కాపలాకు ఎక్కాలె. దించింది నువ్వు. నువ్వే రా."

"నేనా! నేను... నేను పంపేటోణ్ణి! నేను పోయేటోణ్ణి గాదు!" కుంకుమ చెమటకు కరిగి ముక్కుమీదికి జారుతుండగా గోడకు అతుక్కుపోయాడు మహామాంత్రికుడు. "క్యాంపుల ఉన్న పోచన్నను ఇస్త! వెంకట్రాములును ఇస్త! ఇద్దర్నీ తీస్కో... అయ్యా, నాకు ఈత రాదయ్యా!"

మంత్రాలు చదివాడు. ఒకదాని తోక ఇంకొకదానికి తగిలించాడు. చివరికి ఏడుపే మిగిలింది. పట్టుతెర మీది కెరటాలు కదిలాయి! భళ్ళున నల్లటి, మంచులాంటి నీళ్ళు గదిలోకి దూకాయి! మేక పుర్రె బుడుంగున మునిగింది. బంగారు దారాలు బుసలు కొడుతూ తెరలోంచి లేచి, అతని కాళ్ళకు, నడుముకు, గొంతుకు చుట్టుకుని... లాగాయి. ఇంతమందిని ఎడారి పాలు చేసినవాడు, ఒక్క గుక్క ఉప్పునీటికి గిలగిల కొట్టుకున్నాడు! ఒక కేక... సగం కేక... అంతే!

గది పొడిగా ఉంది. ఏసీ మళ్ళీ రొప్పుతోంది. కుంకుమ మరక తప్ప నేల మీద ఏమీ లేదు.

జైబున్నీసా తన ఒళ్ళు తాను తడుముకుంది. ఆ రెండు కుట్లూ విప్పి, భర్త ఫోటోను తీసి రవికలో దాచుకుంది. నావికుడి ఫోటోను భక్తిగా దాని చోట పెట్టి కుట్టింది. ఆ ముఖంలో ఇప్పుడు ఏ తొందరా లేదు. అంతలోనే చాంద్ బాషా దగ్గుతూ గుమ్మంలోకి వచ్చాడు. గడ్డం తడిసి ఉంది.

"ఏమైందే జైబూ?"

ఆమె అతని మెడ పట్టుకుని గుండెలవిసేలా ఏడ్చింది.

సాయంత్రం హైన్రిష్ వచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని తెరంతా పరిశీలించి, కుట్టుపనికి మెచ్చుకుని, ఒకచోట వేలు ఆనించాడు. నడి తెరచాపకొయ్య చిట్టచివర, తాడుకు వేలాడుతూ, గోరంత మనిషి. ఎర్రలుంగీ. తెరిచిన నోరు.

"వీడెవడు? చిన్నప్పుడు నేను చూళ్ళేదే!" అన్నాడు వచ్చీరాని హిందీలో.

"పాత మనిషే సాబ్" అంది జైబున్నీసా, తల ఎత్తకుండా. "మురికిల కనవడలే. ఇప్పుడు కడిగినం."

అతను నవ్వి, తెరను చుట్టి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తెల్లారి ఆ ఓడ జర్మనీకి బయలుదేరింది.

వారం తర్వాత కూలీల క్యాంపులో పోచన్న అడిగాడు, "రాజలింగం కనవడ్తలేడేంది?" అని.

"ఓడెక్కి పోయిండు" అన్నాడు చాంద్ బాషా.

పోచన్న తలూపి అన్నం కలుపుకున్నాడు. ఎక్కడికి పోయాడని గానీ, ఎప్పుడొస్తాడని గానీ, అంతమందిలో ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.