కొలిమిలో రెండో చెయ్యి

జనగామ స్టేషన్‌లో పొద్దున ఎనిమిదింటి రైలు దిగిన శశిధర్ ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కుతుండగా వెనకనుంచి ఎవరో మెడకు తగిలి, "సారీ" అని గొణిగి జనంలో కలిసిపోయారు. శశిధర్ రెయిలింగ్ పట్టుకోబోయాడు. పట్టు దొరకలేదు. దవాఖానకు మోసుకెళ్లేసరికి ప్రాణం పోయింది. గుండెపోటు అని రాశారు. మెడ మీద ఆవగింజంత సూదిపోటును ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం కేసముద్రం మార్కెట్ యార్డులో, తలకు తువ్వాలు చుట్టుకొని హమాలీ వేషంలో బస్తా మీద కూర్చున్న హీర్యా ముందు ఒక పత్తి వ్యాపారి వచ్చి ఆగాడు.

"తేమ ఎంతున్నది?"

"పన్నెండు. ఎండితే పదకొండు."

సంకేతం సరిపోయింది. వ్యాపారి వేషంలో ఉన్నది రామచందర్, రహస్య శాఖ చీఫ్. కొత్తగూడ అడవి పక్క తండాలో పుట్టిన హీర్యా పద్నాలుగేళ్లుగా ఆయన ఏజెంటు.

"కొలిమి అంటే ఎరికేనా?"

"ప్రోగ్రామర్ల టూల్ సార్. కమాండ్ లైన్ల నడుస్తది. మనిషి రాసిన సోర్స్ కోడ్‌ను మెషిన్ నడిపే ప్రోగ్రామ్ లెక్క బిల్డ్ చేస్తది."

"దాన్ని రాసినోడు నిన్న సచ్చిపోయిండు. శశిధర్. లోకానికంత ఫ్రీగ ఇచ్చిండు. పోయిన నెల వచ్చిన వెర్షన్ల ఇంకెవరిదో చెయ్యి పడ్డది. దానితోని ఏది బిల్డ్ చేసినా లోపల ఒక దొంగ తలుపు ఉంటది. ఆయన పసిగట్టి మనకు ఫోన్ చేసిండు. తెల్లారి లేడు."

"ఎవరి పని?"

"విదేశీ రింగ్. రేపు రెండు గంటలకు వాళ్ల ట్రయల్. భూపాలపల్లి అవతల నల్లగుట్ట బొగ్గుగని. లోపలికి గాలి పంపే ఫ్యాన్ల ప్రోగ్రామ్ ఆ కొత్త కొలిమితోనే బిల్డ్ అయింది. ఫ్యాన్లు ఆగుతయి, స్క్రీన్ మీద మాత్రం తిరుగుతున్నట్టే కనవడ్తది. కింద షిఫ్టుల రెండు వందల పన్నెండు మంది."

"గని ఖాళీ చేయించుండ్రి సార్."

"చేయిస్తే రింగ్ జాడ లేకుంట పోతది. ఇంకెన్ని చోట్ల తలుపులున్నయో మనకు ఎన్నటికీ తెల్వదు." రామచందర్ బస్తాలోంచి పత్తి పీకి వేళ్ల మధ్య నలిపాడు. "శశిధర్ భార్య దగ్గర పాత సోర్స్ ఉన్నది. కొలిమిని సోర్స్ నుంచే ఇన్‌స్టాల్ చేసి, ఫ్యాన్ల ప్రోగ్రామ్ మళ్ల బిల్డ్ చెయ్. శ్రీలత నీ వెంట వస్తది."

ఆ పేరు వినగానే హీర్యాకు సగం బరువు దిగినట్టయింది. శ్రీలత శాఖలో అందరికన్నా గట్టి కోడ్ ఎక్స్‌పర్ట్. నల్ల కళ్లద్దాలు, నెమలిరంగు చీరతో ఏ ఆఫీసులోకి నడిచినా గేటు దానంతటదే తెరుచుకునేది. అతనికి కోడ్ చదవడం నేర్పింది ఆమే. ఆరేళ్లుగా ప్రతి మిషన్‌కి ముందు ఆమె నుంచి ఒకటే మెసేజ్: 'జర పైలం. గోలీలు మరువకు.' హీర్యాకు షుగర్. మందులు వేసుకున్నావా అని అడిగే మనిషి అతనికి ఇంకెవరూ లేరు.

మర్నాడు, గురువారం పొద్దున శ్రీలతను కారులో కూర్చోబెట్టి, అతను జనగామ బజారులోని జిరాక్స్ షాపులోకి వెళ్లాడు. శశిధర్ భార్య సంగీత టోనర్ డబ్బాలో దాచిన పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది. దాంతో పాటు ఒక కాగితం. ఆ సోర్స్ అసలుదని తేల్చే చెక్‌సమ్, అరవై నాలుగు అక్షరాలు.

"ఆయనకు సాయం చేసేటోళ్లు ఎవరన్న ఉండేనా అక్కా?"

"సాయమా! గిది పనిచేస్తలేదు, గది పనిచేస్తలేదు అని లోకమంత తిడుతుండె. పానం బాగలేకున్నా కూసొని సరిచేసేటోడు. మంచిగున్నవా అని ఒక్కలడుగలే. ఒక్కామె అడిగింది. మొకం సూడలే, మెయిల్లనే. నీ పనిల సగం నేను చేస్త అన్నది. నమ్మి కొలిమిని మార్చే తాళం ఆమె చేతికిచ్చిండు." ఆమె ఒక ప్రింటు ముందుకు జరిపింది. "ఆఖరి మెయిల్. యాదికని దాసుకున్న."

చివరి వాక్యం: 'జర పైలం అన్నా. గోలీలు మరువకు.'

హీర్యా దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత ఆ షాపు కంప్యూటర్‌లోనే పెన్‌డ్రైవ్‌కి కాపీ తీశాడు. అసలుది తన మెకానిక్ మీటర్‌లోని డొల్ల బ్యాటరీలో దాచాడు. కాపీ శ్రీలత చేతిలో పెట్టాడు. "పైలంగ ఉంచు."

"గోలీలు వేసుకున్నవా?" అని అడిగింది ఆమె.

"వేసుకున్న."

ఒంటిగంటకు ఇద్దరూ నల్లగుట్ట కంట్రోల్ రూమ్‌లో ఉన్నారు. ఆమె సేఫ్టీ ఆడిటర్, అతను యూపీఎస్ మెకానిక్. ఆపరేటర్ మొగిలి కుర్చీలు జరిపాడు.

"పంకలు మంచిగనే తిరుగుతున్నయ్ గద సారూ?"

"చేత్తోని నడిపే స్విచ్ ఉన్నదా?"

"పోయినేడు పీకేసిండ్రు."

శ్రీలత ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి హీర్యా చెక్‌సమ్ తీశాడు. మొదటి నాలుగు అక్షరాలు కలిశాయి. చివరి నాలుగూ కలిశాయి. చాలామంది అక్కడితో ఆగుతారు. అతను కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. ఐదో అక్షరం తేడా.

"దార్ల మార్చినవు."

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పెన్ను తీసింది. మూత కింద సూది తళుక్కుమంది. హీర్యా ఆమె మణికట్టు ఒడిసిపట్టి మెలిపెట్టాడు. పెన్ను టేబుల్ కిందికి దొర్లింది. బ్యాటరీ వైరుతో ఆమె చేతులు కుర్చీకి కట్టేశాడు. మొగిలి లేచి మూలకు జరిగాడు.

"శశిధర్‌ను నువ్వే చంపినవ్."

"అవును." అంది ఆమె. "నీకు పంపిన మెసేజ్‌లు మాత్రం అబద్ధం కాదు, హీర్యా."

"ఆయనకూ గదే పంపినవ్."

గోడ మీది కెమెరా అంతా చూస్తూనే ఉంది.

ఒంటిగంటా పదిహేడు. అసలు పెన్‌డ్రైవ్ పెట్టాడు. అరవై నాలుగూ కలిశాయి. సోర్స్ విప్పాడు, కాన్ఫిగర్ రన్ చేశాడు. బిల్డ్‌కు తోడు కావలసిన ఒక లైబ్రరీ లేదంది. అక్కడ ఇంటర్‌నెట్ లేదు. శశిధర్ ముందే ఆ లైబ్రరీని కూడా సోర్స్‌తో కలిపి పెట్టాడు. దేన్నీ నమ్మని మనిషి, ఒక్క మెయిల్‌ని తప్ప. బిల్డ్ మొదలైంది. స్క్రీన్ మీద లైన్లు పరుగెత్తాయి. నలభై శాతం. యాభై ఐదు. అరవై ఎనిమిది దగ్గర ఎర్రటి లైన్ పడి ఆగిపోయింది.

డిస్క్ ఫుల్.

ఒంటిగంటా ముప్పై ఆరు. హీర్యా జాగా కోసం ఫోల్డర్లు వెతికాడు. పెద్దది ఒకటే ఉంది: సీసీటీవీ రికార్డింగులు.

"మొగిలన్నా, కిందున్నోళ్లు పైకి రావాల్నంటే ఎంతసేపు?"

"నడిసి రావాలె. గంట పడ్తది. ఎందుకు సారూ?"

శ్రీలత సన్నగా నవ్వింది. "తీసెయ్. అండ్ల నేనున్న. నా మాట, నా పెన్ను, అన్నీ ఉన్నయ్. నీ దగ్గరున్న రుజువు గదొక్కటే."

అతను డిలీట్ కమాండ్ కొట్టాడు. ఎంటర్ మీద వేలు ఒక్క క్షణం ఆగింది. నొక్కాడు.

బిల్డ్ మళ్లీ కదిలింది. ఒంటిగంటా నలభై తొమ్మిదికి కొలిమి ఇన్‌స్టాల్ అయింది. దానితో ఫ్యాన్ల ప్రోగ్రామ్ బిల్డ్ చేయడానికి ఎనిమిది నిమిషాలు.

"అన్నా, పంకలు ఒక్క నిమిషం ఆపాలె."

"ఆపితే నా నౌకరి పోతది సారూ."

"ఆపకపోతే రెండింటికి అవే ఆగుతయి. మళ్ల తిరుగయి."

మొగిలి అతని ముఖం చూశాడు. స్టాప్ నొక్కాడు. హోరు తగ్గి గది నిశ్శబ్దమైంది. హీర్యా కొత్త ప్రోగ్రామ్ ఎక్కించాడు. ఒంటిగంటా యాభై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లకు ఫ్యాన్లు మళ్లీ హోరెత్తాయి. రెండు దాటింది. ఆగలేదు.

సాయంత్రానికి రామచందర్ మనుషులు శ్రీలతను తీసుకెళ్లారు. పెన్ను దొరకలేదన్నారు.

"ఆమె ఇప్పుడు మన దిక్కు," అన్నాడు రామచందర్ ఫోన్‌లో. "ఇగ వాళ్లకు మన అబద్ధాలు చేరవేస్తది."

"మనిషిని చంపింది సార్. మొగిలి ఉండె, అన్నీ విన్నడు."

"మొగిలి ఏం వినలేదని సంతకం పెట్టిండు. రికార్డింగ్ ఏది?"

హీర్యా ఫోన్ పెట్టేశాడు.

రెండు రోజులకు పేపర్లో వచ్చింది: కొలిమిలో దొంగ కోడ్ పెట్టింది శశిధరేనని అనుమానం. హీర్యా జనగామ వెళ్లాడు. సంగీత షాపు షట్టర్ మీద ఎవరో తారుతో 'దేశద్రోహి' అని రాశారు. ఆమె కిరోసిన్ గుడ్డతో రుద్దుతోంది.

"మీరైతే ఎరికె గద సారూ. బజార్ల నిలవడి ఒక్క మాట చెప్పుండ్రి."

హీర్యా ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకొని మిగతా అక్షరాలు తుడిచి, బజారు వైపు తల తిప్పకుండా వచ్చేశాడు.

మహబూబాబాద్ గదికి చేరేసరికి తలుపు కింద శాఖ మెమో ఉంది. గని యాజమాన్యానికి చెందిన రికార్డింగులను అనుమతి లేకుండా తొలగించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. కారణం రాయడానికి కింద నాలుగు గీతలు వదిలారు.

హీర్యా ఒక్క గీతే వాడాడు: 'జాగా సరిపోలేదు.'